గీత దాటమని అడిగేవారు పగటిపూట అడగండి: రాజకీయ పార్టీలకు ఒక బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల రాజకీయ పార్టీల అధ్యక్షులకు, ఎన్నికల వేళ పార్టీలకతీతంగా ఓటు వేయమని పిలుపునిచ్చే సంఘాల, వేదికల పెద్దలకు నమస్కారాలు.

నేను నంద్యాల ప్రాంతంలో 30 ఏళ్లకు పైగా ప్రభుత్వ పాఠశాలల్లో సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఆ ఉద్యోగంతో పాటు వచ్చిన ఎన్నికల విధులను పోలింగ్ అధికారిగా, తర్వాత ప్రిసైడింగ్ అధికారిగా, కొన్నిసార్లు ఓట్ల లెక్కింపు బల్ల దగ్గర కూర్చుని నిర్వర్తించాను. మీలో ఏ పార్టీ మీదా నాకు పగ లేదు. గత 50 ఏళ్లలో మీలో చాలా పార్టీలకు ఏదో ఒకసారి ఓటు వేసినవాడినే. కనుక ఈ లేఖను ఒక పార్టీ మనిషి రాతగా కాకుండా, పార్టీ గీతకు అటూ ఇటూ తిరిగిన ఒక ఓటరు మాటగా చదవమని ప్రార్థన.

2025 సెప్టెంబరు 9న జరిగిన ఉపరాష్ట్రపతి ఎన్నికతో ఈ లేఖ రాయాలన్న ఆలోచన మొదలైంది. సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారిని ప్రతిపక్షాలు అభ్యర్థిగా నిలబెట్టినప్పుడు, తెలుగువారైన ఎంపీలందరూ పార్టీలను పక్కనపెట్టి ఆయనకు ఓటు వేయాలని తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు కోరారు. తెలుగుదేశం, జనసేన తాము భాగస్వాములుగా ఉన్న ఎన్డీఏ అభ్యర్థి సి.పి. రాధాకృష్ణన్ గారి వైపే నిలిచాయి. వైఎస్సార్ కాంగ్రెస్ కూడా ఆయననే బలపరిచింది. మజ్లిస్ సుదర్శన్ రెడ్డి గారికి మద్దతిచ్చింది, బీఆర్ఎస్ ఎవరికీ ఓటు వేయకుండా దూరంగా ఉండిపోయింది. పోలైన 767 ఓట్లలో 452 రాధాకృష్ణన్ గారికి, 300 సుదర్శన్ రెడ్డి గారికి వచ్చాయి, 15 చెల్లలేదు. ఆ ఫలితం సంగతి అలా ఉంచితే, ఆ మూడు వారాల్లో టీవీ చర్చల్లో వినిపించిన మాటలు నన్ను బాధించాయి. పార్టీ గీత దాటమని అడగడమే నేరమన్నట్టు ఒక వర్గం, దాటకపోవడమే ద్రోహమన్నట్టు మరో వర్గం మాట్లాడాయి. ఆ గొడవలో ఎందుకు దాటాలి, ఎందుకు దాటకూడదు అన్న అసలు ప్రశ్నను ఎవరూ ఓపికగా పట్టించుకోలేదు.

గీత దాటమని అడగడం తప్పని నేను అనుకోను. ప్రజాస్వామ్యంలో ఓటరును అడిగే హక్కు అందరికీ ఉంది, ఎదుటి పార్టీ ఓటరును అడిగే హక్కు మరీ ఉంది. ఎన్నికల ప్రచారం పుట్టిందే అందుకు. నా అభ్యంతరమంతా అడిగే తీరు మీద. నేను కళ్లారా చూసిన ఒక సంగతి చెబితే నా మాట మీకు తేలికగా అర్థమవుతుంది.

1991 నవంబరులో మా నంద్యాల లోక్‌సభ స్థానానికి ఉపఎన్నిక జరిగింది. ప్రధానమంత్రి పదవి చేపట్టి అయిదు నెలలు కూడా నిండని పి.వి. నరసింహారావు గారికి అప్పటికి పార్లమెంటు సభ్యత్వం లేదు. గంగుల ప్రతాపరెడ్డి గారు రాజీనామా చేసి ఖాళీ చేసిన ఈ స్థానం నుంచి ఆయన పోటీకి దిగారు. ఒక తెలుగువాడు తొలిసారి దేశ ప్రధాని అయ్యాడు గనుక ఆయన మీద తమ అభ్యర్థిని నిలపబోమని ఎన్.టి. రామారావు గారు బహిరంగంగా ప్రకటించి ఆ మాట నిలబెట్టుకున్నారు. కాంగ్రెస్ మీద పోరాటమే ఊపిరిగా పుట్టిన పార్టీ, కాంగ్రెస్ ప్రధానికి దారి వదిలింది. పి.వి. గారు 5,80,000కు పైగా మెజారిటీతో గెలిచారు. రామారావు గారి నిర్ణయాన్ని నేను ఈనాటికీ గౌరవిస్తాను.

ఆ రోజు నేను ఒక పల్లెలో పోలింగ్ అధికారిని. మధ్యాహ్నం ఎండ దిగుతున్న వేళ, భుజాన తువ్వాలు వేసుకుని 70 ఏళ్లు దాటిన పెద్దాయన ఒకరు వచ్చారు. వేలికి సిరా పూయించుకుని, బ్యాలట్ పత్రం తీసుకుని, అట్టపెట్టె అడ్డం పెట్టిన మూలకు వెళ్లి ఎంతకీ బయటికి రాలేదు. వెనక వరుసలో వాళ్లు గొణుగుతున్నారు. కాసేపటికి ఆ కాగితం పట్టుకునే తిరిగి నా బల్ల దగ్గరికి వచ్చి, "సారూ, ఇందులో సైకిల్ యాడుంది? నాకు కనపడల్యా," అన్నారు. నేను చెప్పకూడదు. ఏ గుర్తు ఉంది, ఏది లేదు, ఎందుకు లేదు అని వివరించే అధికారం ఆ గదిలో నాకు లేదు. "పెద్దాయనా, అందులో ఉన్నవాటిలో మీకు నచ్చినదాని మీద ముద్ర వేయండి," అని మాత్రం అన్నాను. ఆయన ఏజెంట్ల వైపు చూశారు. తెలుగుదేశం అభ్యర్థి లేరు కనుక ఆ పార్టీ ఏజెంటూ లేడు. మిగిలినవాళ్లు తలలు దించుకున్నారు. ఆయన మళ్లీ మూలకు వెళ్లి, ఏదో ఒకదాని మీద ముద్ర కొట్టి, కాగితం మడిచి డబ్బాలో వేసి, గడప దాటుతూ తనలో తాను అనుకున్నట్టు, "మా రామారావు ఎందుకు నిలబెట్టల్యా?" అన్నారు.

రామారావు గారు ఎందుకు నిలబెట్టలేదో అన్ని పత్రికల్లో వచ్చింది. ఆ పల్లెకు పత్రిక రాదు. వచ్చినా ఆయనకు చదువు రాదు. పార్టీ పెట్టినప్పటి నుంచి సైకిల్‌కే ఓటు వేసిన ఆ మనిషి ఇంటికి, ఈసారి మనం ఇలా చేస్తున్నాం, కారణం ఇది, మీకు సమ్మతమేనా అని చెప్పడానికి ఊళ్లో ఒక్క కార్యకర్తా వెళ్లలేదు. పై స్థాయిలో ఎంతో హుందాగా తీసుకున్న నిర్ణయం కింద గడప దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలాయన చేతిలో దిక్కుతోచని కాగితంగా మిగిలింది. ఆ కాగితం ఆయన చేతిలో వణకడం నాకింకా గుర్తుంది.

దీనికి ఎదురుగా నా ఇంట్లోనే ఇంకొక దృశ్యం ఉంది. మా నాన్న జీవితాంతం కాంగ్రెస్ మనిషి. 1977 మార్చి ఎన్నికల్లో నీలం సంజీవరెడ్డి గారు జనతా పార్టీ తరఫున ఇదే నంద్యాల నుంచి పోటీ చేసినప్పుడు, మా నాన్న నాగలి పట్టిన రైతు గుర్తుకు ఓటు వేయాలని నిర్ణయించుకున్నారు. నిర్ణయించుకున్న నాటి సాయంత్రమే రచ్చకట్ట మీద తన కాంగ్రెస్ స్నేహితులందరి ముందూ ఆ మాట చెప్పారు. అత్యవసర పరిస్థితి తనకు నచ్చలేదని, ఆంధ్రప్రదేశ్ మొదటి ముఖ్యమంత్రిగా పనిచేసిన మనిషి మన గడపకు వస్తే గుర్తు చూసి తిప్పి పంపడం తన వల్ల కాదని చెప్పారు. వాళ్లు వాదించారు, కోపగించుకున్నారు, ఒకాయన నెల రోజులు మాట్లాడటం మానేశారు. కానీ మా నాన్న ఎందుకు అలా చేశారో తెలియనివాడు ఊళ్లో లేడు. ఆ ఎన్నికల్లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే దక్కగా, మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. నాలుగు నెలల తర్వాత సంజీవరెడ్డి గారు పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. మా నాన్న తన ఓటు గురించి చెప్పుకోవాల్సిన అవసరం నిజానికి లేదు. ఓటు రహస్యంగా ఉంచుకునే హక్కు ఓటరుకుంది. కానీ ఓటు అడిగేవారికి ఆ రహస్యంలో వాటా లేదు. అడిగేవారు తాము ఎవరో, ఎందుకు అడుగుతున్నారో దాచకుండా చెప్పి తీరాలి. ఈ లేఖలో నేను మీ ముందు పెట్టదలచినది ఇంతే.

సంజీవరెడ్డి గారి పేరు వచ్చింది కనుక 1969 సంగతి తప్పదు. పార్టీ గీత దాటమన్న పిలుపు ఈ దేశంలో అంత పెద్దగా మోగిన సందర్భం మరొకటి లేదు, అందులో పోటీపడిన ముఖ్యులిద్దరూ తెలుగువారే. జాకిర్ హుస్సేన్ గారు 1969 మే 3న మరణించాక కాంగ్రెస్ పార్టీ అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన సంజీవరెడ్డి గారిని రాష్ట్రపతి అభ్యర్థిగా నిర్ణయించింది. ఆయన నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం చేసిన ఇందిరాగాంధీ గారే తర్వాత ఆయనకు ఓటు వేయమని విప్ (పార్టీ చెప్పినట్టే ఓటు వేయాలన్న ఆదేశం) జారీ చేయడానికి నిరాకరించి, ఎవరి ఆత్మప్రబోధం ప్రకారం వారు ఓటు వేయవచ్చన్నారు. బరంపురంలో పుట్టి కార్మికోద్యమంలో ఎదిగిన వి.వి. గిరి గారు స్వతంత్ర అభ్యర్థి. అటు కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప గారు కూడా జనసంఘ్, స్వతంత్ర పార్టీల వారిని తమ అభ్యర్థికి రెండో ప్రాధాన్య ఓటు (మొదటి ఎంపిక గెలవకపోతే లెక్కకు వచ్చే ఓటు) వేయమని కోరారు. అంటే రెండు వైపులా గీత దాటమన్న అభ్యర్థనలే. మొదటి ప్రాధాన్య ఓట్లలో ఎవరికీ సగానికి మించి రాక, రాష్ట్రపతి ఎన్నికల చరిత్రలో ఒకే ఒక్కసారి రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కించాల్సి వచ్చింది. చివరికి గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 ఓట్ల విలువ వచ్చింది. కొద్ది నెలల్లోనే కాంగ్రెస్ రెండుగా చీలింది.

అప్పుడు నాకు 14 ఏళ్లు. ఫలితం వచ్చిన ఆగస్టు 20న పంచాయతీ కార్యాలయం ముందు రేడియో చుట్టూ ఊరి పెద్దలంతా చేరారు. మా సీమ మనిషి ఓడిపోయాడని కొందరు బాధపడ్డారు. ఒకాయన మాత్రం, "ఇద్దరూ మనోళ్లే కదా, ఇప్పుడు మనోడు అనే మాటతో పని జరగదు, ఎవరు దేనికి నిలబడ్డారో చూడాల," అన్నారు. 2025లో తెలుగు ఎంపీలను తెలుగుదనం పేరుతో అడిగినప్పుడు నాకు ఆ మాటే గుర్తొచ్చింది. తెలుగువాడన్న అభిమానం మాట మొదలుపెట్టడానికి పనికొస్తుంది. ఒక రాజ్యాంగ పదవికి ఒకరిని ఎన్నుకోవడానికి అది ఒక్కటీ చాలదు. సుదర్శన్ రెడ్డి గారి తీర్పుల గురించి, రాజ్యసభ అధ్యక్ష స్థానంలో అలాంటి మనిషి ఎలా ఉంటారన్న దాని గురించి, దీటుగా రాధాకృష్ణన్ గారి అనుభవం గురించి మీరు ఇంకా ఎక్కువ మాట్లాడి ఉంటే వినేవాళ్లం. రాష్ట్రపతి, ఉపరాష్ట్రపతి ఎన్నికల్లో విప్ చెల్లదు, ఓటు రహస్యం. ఆలోచించి ఓటు వేయడానికి ఎంపీలకు అంతకన్నా మంచి వీలు ఎక్కడుంది?

ఆ 1969 ఎన్నిక ఆధారంగా నేను పిల్లలకు చెప్పే పాఠం ఇంకొకటి ఉంది. ఆ ఎన్నికకు ముందు సంజీవరెడ్డి గారి వ్యక్తిగత జీవితం మీద బురద చల్లే కరపత్రం ఒకటి, పేరూ ఊరూ లేకుండా, ఓటర్లైన ఎంపీల మధ్య చేతులు మారింది. ఫలితం మీద దాఖలైన పిటిషన్లలో అదే ముఖ్యమైన అంశమైంది. పదవిలో ఉన్న రాష్ట్రపతి గిరి గారు స్వయంగా సుప్రీంకోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కోర్టు పిటిషన్లను కొట్టివేసింది. ఒకే ఎన్నికలో, ఒకే ఓటర్లకు, గీత దాటమని రెండు రకాల పిలుపులు అందాయన్నమాట. ఒకటి ప్రధానమంత్రి తన పేరుతో, తన పదవిని పణంగా పెట్టి ఇచ్చినది. దానితో ఏకీభవించినా ఏకీభవించకపోయినా నిలదీయడానికి ఎదుట ఒక మనిషి ఉన్నారు. రెండోది ఎవరు రాశారో, ఎవరు అచ్చు వేశారో తెలియని కాగితం. నిలదీయాలన్నా ఎదుట ఎవరూ లేరు.

ఆ రెండో రకం కాగితాలే ఇప్పుడు మా చేతుల్లోని ఫోన్లలోకి వస్తున్నాయి. గత ఎన్నికల్లో ప్రచారం ముగిశాక, పోలింగ్‌కు ముందు రోజు రాత్రి, నా ఫోన్‌కు ఒక సందేశం వచ్చింది. ఫలానా పార్టీ తన కార్యకర్తలను ఈ నియోజకవర్గంలో ఎదుటి పార్టీకి ఓటు వేయమని చెప్పిందని, రహస్యంగా ఉంచాలని అందులో ఉంది. పంపినవారి పేరు లేదు. తెల్లవారేసరికి ఆ పార్టీ స్థానిక నాయకులు అది అబద్ధమని ఖండించారు, కానీ అప్పటికే జనం బూత్‌ల ముందు వరసల్లో ఉన్నారు. ప్రజాప్రాతినిధ్య చట్టం 127ఎ సెక్షన్ ప్రకారం ఎన్నికల కరపత్రం మీద అచ్చు వేసినవారి, ప్రచురించినవారి పేర్లూ చిరునామాలూ ఉండాలి, లేకపోతే 6 నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కాగితానికి చట్టం పెట్టిన ఆ నియమాన్ని ఫోన్ సందేశానికి మీరే స్వచ్ఛందంగా పెట్టుకోవచ్చు కదా. పేరు లేని పిలుపును మా పార్టీది కాదని ముందే ప్రకటించి, ప్రతి పిలుపు కింద బాధ్యుడైన మనిషి పేరు వేయించండి.

ఇక గుసగుసల సంగతి. అసెంబ్లీకి, లోక్‌సభకు ఒకే రోజు పోలింగ్ జరిగే ఆంధ్రప్రదేశ్‌లో, "ఎమ్మెల్యేకు మీ ఇష్టం వచ్చినట్టు వేసుకోండి, ఎంపీకి మాత్రం మాకు వేయండి" అని, లేదా దీనికి తిరగేసి, రాత్రి పది దాటాక ఇంటింటికీ తిరిగే మనుషులను మీ పార్టీల్లో అందరికీ తెలుసు. ఓటరు తనంతట తాను అలా విడదీసి ఓటు వేస్తే అది అతని తెలివి. 2019లో రాష్ట్రమంతా వైఎస్సార్ కాంగ్రెస్ 151 అసెంబ్లీ స్థానాలు గెలిచిన ఊపులో కూడా గుంటూరు లోక్‌సభ పరిధిలోని 7 అసెంబ్లీ స్థానాల్లో 6 ఆ పార్టీకిచ్చి, ఎంపీగా మాత్రం తెలుగుదేశం అభ్యర్థిని అక్కడి ఓటర్లు గెలిపించారు. శ్రీకాకుళం, విజయవాడల్లోనూ ఎంపీ స్థానం తెలుగుదేశానికే వెళ్లింది. తెలంగాణలో 2023 డిసెంబరులో 39 అసెంబ్లీ స్థానాలిచ్చిన బీఆర్ఎస్‌కు ఓటర్లు ఆరు నెలల తర్వాత ఒక్క లోక్‌సభ స్థానం కూడా ఇవ్వలేదు. ఏ ఎన్నిక దేనికో ఓటర్లకు తెలుసు. నాకు బాధ కలిగించేది అభ్యర్థులు తమ పక్కనున్న సొంత పార్టీ అభ్యర్థిని ముంచి, ఎదుటివాడితో లోపాయకారీగా ఓట్లు మార్చుకోవడం. దానికి కారణం ఉండదు, ధర మాత్రమే ఉంటుంది. ఆ ధరలో ఓటరు చేతికి వచ్చే నోటు చాలా చిన్న భాగమని మీకూ తెలుసు, మాకూ తెలుసు.

సవ్యంగా అడిగితే జనం ఎంత చక్కగా వింటారో 2024లో చూశాం. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేసినప్పుడు 31 అసెంబ్లీ స్థానాల్లో సైకిల్ గుర్తు లేదు. జనసేన పోటీ చేసిన 21 స్థానాలూ గెలిచింది, బీజేపీ 10లో 8 గెలిచింది. వాటిలో మా పక్క జిల్లాలోని ఆదోని ఒకటి. అక్కడ ఉంటున్న మా బావమరిది ఇంటికి తెలుగుదేశం కార్యకర్తలే నమూనా బ్యాలట్ పట్టుకుని రెండుసార్లు వచ్చారట. "అత్తా, ఈసారి ఎమ్మెల్యే ఓటుకు సైకిల్ వెతకొద్దు, మన పొత్తు వాళ్లది కమలం, ఇదిగో ఈ వరుసలో ఉంటుంది," అని 80 ఏళ్ల వాళ్లమ్మకు వేలు పట్టి చూపించి, పొత్తు ఎందుకు పెట్టుకున్నారో ఆమె అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పి వెళ్లారట. ఆ జవాబులు ఆమెకు నచ్చాయో లేదో, ఆమె ఎవరికి వేశారో మాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. 1991లో ఆ పల్లెలో ఇలాంటి కార్యకర్త ఒక్కడుంటే ఆ పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చేవారు కాదు.

మీ రెండు నాలుకల ధోరణి గురించి కూడా చెప్పకుండా ఉండలేను. 2023 మార్చిలో ఎమ్మెల్యేల కోటా శాసనమండలి ఎన్నికలో తెలుగుదేశం అభ్యర్థి పంచుమర్తి అనురాధ గారు 23 ఓట్లతో గెలిచినప్పుడు, గెలిచినవారు అది ఆత్మప్రబోధమన్నారు, ఓడినవారు అమ్ముడుపోవడమన్నారు, వైఎస్సార్ కాంగ్రెస్ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. అంతకుముందు శాసనసభలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి 23 మంది తెలుగుదేశంలో చేరి, వారిలో నలుగురు మంత్రులైనప్పుడు ఇవే మాటలు నోళ్లు మార్చుకుని వినిపించాయి. తెలంగాణలో 2019లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో కలిసినప్పుడు, 2024లో బీఆర్ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు వెళ్లినప్పుడు కూడా అంతే. రాజీనామా చేయకుండా కండువా మార్చుకున్న ఎమ్మెల్యేకు పూలదండ వేసి, నచ్చక గుర్తు మార్చిన ఓటరును నమ్మకద్రోహి అనడం ఏం న్యాయం? ఓటరు ఏ పార్టీ గుర్తు మీదా గెలవలేదు, ఏ పార్టీకీ ప్రమాణం చేయలేదు. అతను దాటిన గీత మీరు గీసుకున్నది.

ప్రమాణం అన్నాను కనుక, పసుపు నీళ్లలో, దేవుడి పటం మీద చేయి పెట్టించి మా గుర్తుకే వేస్తామని ఒట్టు వేయించే అలవాటును మీ కార్యకర్తల చేత మాన్పించమని చేతులెత్తి అడుగుతున్నాను. పేదింటి ఆడవాళ్లు ఆ ఒట్టుకు ఎంత భయపడతారో నేను చూశాను. అడిగినవారికి మనసులో కాదనుకుని, ఒట్టుకు కట్టుబడి వేసిన ఓటు ఎవరి అభిప్రాయం అవుతుంది?

ఒట్టు కన్నా గట్టి భయం ఇంకొకటి ఉంది, మా సీమలో పుట్టినవారికి దాన్ని విడమరచి చెప్పనక్కర్లేదు. కాగితం బ్యాలట్ రోజుల్లో లెక్కింపు బల్ల మీద ఎన్నికల సంఘం ఆదేశించిన చోట్ల పలు బూత్‌ల కాగితాలను కట్టలు కట్టి కలిపేసి లెక్కపెట్టేవాళ్లం. ఏ ఊరు ఎవరికి వేసిందో అంత తేలికగా తేలేది కాదు. 2004 నుంచి అన్ని లోక్‌సభ స్థానాల్లోనూ ఓటింగ్ యంత్రాలే. ఇప్పుడు ఏ బూత్‌లో ఎవరికెన్ని పడ్డాయో అంకె అంకె బయటికి వస్తుంది. ఊరంతా ఒకే నాయకుడి మాట మీద నడిచే చోట ఎదుటి గుర్తుకు 11 ఓట్లు పడితే, ఆ 11 ఎవరివో ఊరు ఊహించుకుంటుంది. ఆ తర్వాత బోరుకు అనుమతి, పింఛను, రోడ్డు పని, పిల్లల పెళ్లిళ్ల పిలుపులు అన్నీ ఆ ఊహ ప్రకారమే నడుస్తాయి. ఆ భయం తెలిసిన మనిషిని గీత దాటమని అడగడం ఎంత బరువైన కోరికో కొంచెం ఆలోచించండి. పలు బూత్‌ల యంత్రాలను కలిపి ఒకేసారి మొత్తం చూపించే టోటలైజర్ అనే పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది. 2015లో లా కమిషన్ తన 255వ నివేదికలో దాన్ని సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. మీ పార్టీల పోలింగ్ నిర్వహణకు బూత్‌వారీ అంకెలు అవసరమని మీరు చెబుతారు. నిజమే కావచ్చు. మీకు ఆ అంకెలు ఎంత ఉపయోగమో, మా ఊళ్లలో గుర్తు మార్చాలనుకునే మనిషికి అవి అంత ప్రమాదం. పార్టీలకతీతంగా ఓటు వేయమని చేతులు జోడించి అడిగే మీరంతా కలిసి టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘానికి, పార్లమెంటుకు ఒక్క ఉత్తరం రాస్తే మీ పిలుపులో నిజాయితీ ఉందని మేము నమ్ముతాం.

కుల సంఘాల, ఉద్యోగ సంఘాల, ఉద్యమ వేదికల పెద్దలకు ప్రత్యేకంగా ఒక మాట. ఒక న్యాయమైన కోరిక కోసం మీ వారిని పాత పార్టీ వదిలి కొత్త పార్టీకి ఓటు వేయమని అడగడం మీ హక్కు. ఎస్సీ వర్గీకరణ కోసం మంద కృష్ణ మాదిగ గారు 2023 నవంబరులో సికింద్రాబాద్ పరేడ్ మైదానంలో ప్రధానమంత్రి పక్కన నిలబడి, ఎందుకు ఎవరికి మద్దతో లక్షల మంది ముందు చెప్పారు. ఆ నిర్ణయాన్ని తప్పుపట్టినవారు చాలామంది ఉన్నారు, కానీ వారందరూ ఒక బహిరంగమైన మాటకు బహిరంగంగానే జవాబు చెప్పగలిగారు. అలా కాకుండా, పోలింగ్‌కు ముందు నాలుగు గోడల మధ్య తీర్మానం చేసి, తమ సంఘం ఓట్లు మొత్తం ఇన్ని అని అభ్యర్థికి అప్పగించినట్టు మాట్లాడే సంఘాలు మా జిల్లాలోనే ఉన్నాయి. ఓట్లు సంఘం దగ్గర డిపాజిట్ చేసిన సొమ్ము కాదు, ఇంకొకరి పేరుకు బదిలీ చేయడానికి. ముందు మీ సభ్యులను పిలిచి వారి అభిప్రాయం వినండి, తర్వాతే పిలుపునివ్వండి.

మా గ్రామ పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు లేవు. సర్పంచి అభ్యర్థి వెనక ఏ పార్టీ ఉందో పిల్లలకు కూడా తెలుసు, అయినా బ్యాలట్ మీద ఉంగరమో, కత్తెరో ఉంటుంది. అందువల్ల మా పల్లెల్లో గీత దాటడం కొత్త కాదు. అసెంబ్లీకి ఒకరికి వేసిన ఇల్లు, మంచినీళ్ల ట్యాంకు కట్టించిన ఎదుటి పార్టీ మనిషికి సర్పంచి ఓటు వేస్తుంది. అతను కట్టించిన ట్యాంకు రోజూ కళ్లెదుట ఉంటుంది గనుక ఆ ఇంటికి ఎవరూ కారణం వివరించనక్కర్లేదు. అసెంబ్లీకి, పార్లమెంటుకు ఓటు అడిగేటప్పుడు అంత స్పష్టమైన కారణాన్ని మా ముందుకు తెచ్చే పని మీది.

ఈ లేఖకు మీరు ఉత్తరం ద్వారా జవాబు రాయనక్కర్లేదు. రాబోయే ఎన్నికల్లో మా వీధికి వచ్చే మీ కార్యకర్త చేతిలో, ఈసారి మా గుర్తుకు కాక ఫలానా గుర్తుకు వేయండి అనో, మీ పాత గుర్తు వదిలి మా గుర్తుకు వేయండి అనో రాసిన కాగితం ఉంటే, దాని కింద కారణం, కారణం కింద మీలో ఒకరి పేరు, సంతకం ఉంటే, అతను ఆ కాగితాన్ని పగటిపూట తెచ్చి ఇస్తే, అదే మీ జవాబుగా తీసుకుంటాను. కాగితం చదవలేని పెద్దవాళ్లు మా వీధిలో ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర అతను కాసేపు కూర్చుని చదివి వినిపించాలని కూడా కోరుతున్నాను.

ఇట్లు,
నంద్యాల జిల్లాకు చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు